కిడ్నీకి గడువు పెరిగింది. ఆ గడువు ఎవరికి?

(మాచర్లలో దళిత సంఘాల కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇవాళ ఎత్తుకున్న విషయం విని "ఈ పంతులు కూలిరేట్లు, భూమి సంగతి వొదిలేసి డాక్టర్ల సంగతి మాట్లాడుతున్నాడేంది" అని కొందరికి అనిపించొచ్చు. అనిపించనీయండి. కానీ కిడ్నీ అనే మాట పల్నాటికి కొత్తది కాదు. 2000 సంవత్సరంలో మన పక్క మండలం రెంటచింతల పేరు దేశమంతా పేపర్లలో వొచ్చింది. ఎందుకొచ్చింది? మిర్చి బాగా పండిందని కాదు. పత్తి పోయి, పురుగుమందుల బాకీలు మిగిలి, రైతులు కిడ్నీలు అమ్ముకున్నారని వొచ్చింది. 2018 ప్రాంతంలో నరసరావుపేట వైపు దొంగ కాగితాలతో కిడ్నీ మార్పిళ్ల కేసు బయటపడింది. 1994లోనే చట్టం చేశారు, అవయవం అమ్మినా కొన్నా నేరమని. చట్టం కాగితం మీద ఉంది, బ్రోకరు బస్టాండులో ఉన్నాడు.

బ్రోకరు మన దగ్గరికే ఎందుకు వొస్తాడు? పేదోళ్లం కాబట్టి అని అందరికీ తెలిసిన జవాబు. ఇంకో జవాబు కూడా ఉంది, అది చెప్పటానికే నిలబడ్డా. బతికున్నవాడి కిడ్నీ తీయాలంటే రోజు పెట్టుకుని, టైము పెట్టుకుని, పక్క గదిలో నుంచి పక్క గదిలోకి తీసుకుపోవొచ్చు. పాడవదు. చనిపోయినవాడి కిడ్నీ అట్లా కాదు. ఎక్కడో దొరుకుతుంది, ఎక్కడికో చేరాలి, ఈలోగా చెడిపోతుంది. మన దేశంలో 2023లో 18,378 అవయవ మార్పిళ్లు జరిగితే, చనిపోయాక అవయవాలిచ్చిన దాతలు 1,099 మంది. వెయ్యి దాటటం అదే మొదటిసారి. మిగతా చాలా భాగం బతికున్నవాళ్ల ఒంట్లోంచి తీసినవే. చనిపోయినవాళ్ల అవయవాలు అందే ఏర్పాటు లేనంతకాలం బతికున్న పేదోడి మీదనే కన్ను పడుతుంది. అందుకని చనిపోయినవాడి అవయవాన్ని చెడకుండా ఎట్లా నిలవపెడతారన్నది డాక్టర్ల సంగతే కాదు, మన సంగతి కూడా.

ముందు పాత పద్ధతి చెప్తా. అవయవం తీయగానే దాంట్లో ఉన్న నెత్తురు కడిగేసి, చల్లటి మందునీళ్లు ఎక్కించి, సంచిలో పెట్టి, ఐసు పెట్టెలో పెడతారు. నాలుగు డిగ్రీల చలి. మీరు వరి నారు పీకి కట్టలు కట్టి నీళ్లలో పెడతారు చూడండి, నాటేదాకా వాడిపోకుండా, అట్లాంటిదే. చలిలో అవయవానికి ఆకలి పదోవంతుకు పడిపోతుంది. కానీ ఆకలి పూర్తిగా పోదు. అందుకే గడువు. గుండెకు నాలుగు గంటలు, మహా అయితే ఆరు. ఊపిరితిత్తులకు ఆరు నుంచి ఎనిమిది. కాలేయానికి పన్నెండు దాకా. కిడ్నీ గట్టిది, ఒక రోజు, ఒకటిన్నర రోజు ఆగుతుంది. కట్టలో ఎక్కువసేపున్న నారు నాటినా తేరుకోవటానికి టైము పట్టినట్టు, ఐసులో ఎక్కువసేపున్న కిడ్నీ పెట్టినా వెంటనే పనిచెయ్యదు. కొన్నాళ్లు మళ్లీ డయాలసిస్ మీదే ఉండాలి.

కొత్త పద్ధతిలో నారు కట్టను నీళ్లలో పడెయ్యరు. వేరుకు డ్రిప్పు పెడతారు. కిడ్నీ రక్తనాళానికి గొట్టం తగిలించి, చిన్న పంపుతో మందునీళ్లు ఒకవైపు నుంచి ఎక్కిస్తూ రెండోవైపు నుంచి తీసి మళ్లీ ఎక్కిస్తూ ఉంటారు. మురికి బయటకి పోతుంది, కావలసింది లోపలికి అందుతుంది. దీన్నే పర్‌ఫ్యూజన్ యంత్రం అంటున్నారు. దీంట్లో చల్లగా నడిపేది ఒక రకం. ఒంట్లో ఉన్నంత వెచ్చగా, ఎర్రకణాలు కలిపి, ఆక్సిజను ఇచ్చి నడిపేది ఇంకో రకం. వెచ్చటి పంపు మీద పెడితే కాలేయం ఒంట్లో ఉన్నట్టే పైత్యరసం కారుస్తుంది. ఊపిరితిత్తులు పొంగి దిగుతుంటాయి. అంటే పెట్టకముందే అది పనికొస్తుందా లేదా డాక్టరు కళ్లారా చూడొచ్చు. ఐసు పెట్టెలో ఉన్నదాన్ని చూసి చెప్పలేరు. మొద్దుగా పడి ఉంటుంది గదా.

ఇదేదో నిన్న పుట్టిన వింత కాదు. 1935లోనే అలెక్సిస్ కారెల్ అనే డాక్టరు, అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా విమానంలో దాటిన లిండ్‌బర్గ్, ఇద్దరూ కలిసి అవయవాన్ని ఒంటి బయట బతికించే పంపు చేశారు. 1967లో అమెరికాలో బెల్జర్ అనే డాక్టరు కుక్క కిడ్నీని మూడు రోజులు పంపు మీద నిలిపాడు. ఆ తర్వాత ఏడే మనిషి కిడ్నీని అట్లాగే నిలిపి పెట్టాడు. మరి ఇన్నేళ్లు ఎందుకు మూలపడింది? 1969లో కాలిన్స్ అనే ఆయన ఒక మందునీళ్లు కనిపెట్టాడు. అది ఎక్కించి ఐసులో పెడితే కిడ్నీ ఒక రోజు పైన ఆగుతుంది. ఐసు చవక, పంపు ఖరీదు. ఐసు గెలిచింది. 1987లో అదే బెల్జర్ ఇంకా మంచి మందునీళ్లు తయారుచేశాడు, ఐసు ఇంకా గట్టిపడింది. చవక వైద్యాన్ని నేను తిట్టను. మన దేశంలో పేదోడికి ఒక కిడ్నీ దక్కినా ఆ ఐసు పెట్టె పుణ్యమే.

మళ్లీ పంపు ఎందుకొచ్చిందంటే, దాతల వయసు పెరిగింది, జబ్బులు పెరిగాయి. కుర్రవాడి కిడ్నీ ఐసును తట్టుకుంటుంది. అరవై ఏళ్లవాడిది, బీపీ ఉన్నవాడిది తట్టుకోదు. యూరపులో ఒక పరీక్ష చేసి 2009లో ఫలితం చెప్పారు. ఆ పరీక్ష పద్ధతి నాకు నచ్చింది, బడిలో పిల్లలకు కూడా చెప్పా. ఒకే దాతకు రెండు కిడ్నీలుంటాయి గదా. ఒకటి ఐసులో పెట్టారు, రెండోది పంపు మీద పెట్టారు. అట్లా 336 మంది దాతలు. దాత మంచివాడా, ముసలివాడా అనే గొడవే లేదు, రెండూ ఒకే ఒంటివి. ఐసులో పెట్టిన వాటిల్లో వందకు 26 వెంటనే పనిచెయ్యలేదు. పంపు మీద పెట్టిన వాటిల్లో వందకు 21. ఏడాది తర్వాత నిలిచి ఉన్నవి ఐసువి వందకు 90, పంపువి 94. తేడా నాలుగే కదా అంటారా? ఆ నలుగురిలో మన ఇంటి మనిషి ఉంటే అప్పుడు లెక్క వేరుగా ఉంటుంది.

కాలేయం మీద 2018లో ఇంకో ఫలితం వొచ్చింది. వెచ్చటి పంపు మీద పెడితే కాలేయానికి తగిలే దెబ్బ సగానికి తగ్గింది. పనికిరావని పారేసేవి సగానికి తగ్గాయి. నిలవ ఉంచిన సమయం మాత్రం సగానికి పైగా పెరిగింది. ఏడాది తర్వాత బతికున్నవాళ్ల లెక్కలో తేడా కనపడలేదని కూడా వాళ్లే రాశారు. అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో అయితే, అందరూ వొద్దన్న ఒక కాలేయాన్ని మూడు రోజులు పంపు మీద పెట్టి, మందులిచ్చి బాగుచేసి, 2021 మేలో ఒక మనిషికి పెట్టారు. ఏడాది తర్వాత ఆ మనిషి బాగానే ఉన్నాడు. నిలవ పెట్టటం దాటి వైద్యం చెయ్యటం దాకా పోయింది యంత్రం.

మన తెలుగు నేల మీదికి కూడా వొచ్చింది. 2021లో సికింద్రాబాదు కిమ్స్ ఆసుపత్రిలో ఊపిరితిత్తులను ఇట్లా యంత్రంలో పెట్టి, మందునీళ్లు ఎక్కిస్తూ, గాలి ఊదుతూ బాగుచేసి, ఒక రోగికి పెట్టారు. శ్వాసించే ఊపిరితిత్తుల మార్పిడి, దేశంలో మొదటిదని పేపర్లు రాశాయి. డాక్టర్ సందీప్ అత్తావర్ బృందం చేసింది. చేసినవాళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ మనం ఎక్కడున్నాం, ఆ యంత్రం ఎక్కడుంది అని అడగటం కూడా మన పనే.

టీవీలో మీరు గ్రీన్ చానల్ చూసే ఉంటారు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక గుండె కోసం నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైలును ఎక్కడా ఆపకుండా నడిపారు. ఆ గుండె ఎవరిది? నల్లగొండ జిల్లా రైతుది. 2025 జనవరిలో ఎల్బీ నగర్ నుంచి లక్డీకాపూల్ దాకా పదమూడు కిలోమీటర్లు పదమూడు నిమిషాల్లో ఇంకో గుండెను మెట్రోలోనే పంపారు. 2023 సెప్టెంబరులో మన గుంటూరు నుంచి తిరుపతికి హెలికాప్టరులో గుండె వెళ్లింది. చూసి చప్పట్లు కొట్టాం, కొట్టాలి కూడా. కానీ అంత పరుగు ఎందుకు? ఐసు పెట్టెలో గడియారం నడుస్తోంది కాబట్టి. నాలుగు గంటలు దాటితే గుండె పోయినట్టే. రైలూ, హెలికాప్టరూ ఉన్నచోట నాలుగు గంటలు సరిపోతాయి. మాచర్ల నుంచి గుంటూరు నూట ఇరవై కిలోమీటర్ల పైన. హైదరాబాదు ఇంకా దూరం. మిర్చి కోతలకు పోయే ఆటో బోల్తాపడితే దెబ్బతగిలిన మనిషిని నరసరావుపేట చేర్చటానికే ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. మనకు హెలికాప్టరు ఎవడు పంపుతాడు?

కొందరు మిత్రులు, మన సంఘంలోవాళ్లే, "ఇది కార్పొరేటు ఆసుపత్రుల యంత్రం, మనకెందుకు" అంటున్నారు. నేను ఒప్పుకోను. 1927లో మహాడ్‌లో చవదార్ చెరువు సవర్ణుల చేతుల్లో ఉందని బాబాసాహెబ్ వొదిలేశాడా? దిగి నీళ్లు తాగాడు. పంపు వల్ల దొరికేది గడువు. పట్నంలో ఉన్నవాడికి గడువు పెరిగితే డాక్టరు రాత్రి కాకుండా పొద్దున ఆపరేషన్ చేసుకుంటాడు, అంతవరకే. మాచర్లకు, శ్రీశైలం అడవి పక్క తండాలకు గడువు పెరిగితే మనిషి జాబితాలో ఉంటాడా పోతాడా అన్నది తేలుతుంది. ఫోను రాగానే రాత్రి బస్సు లేక, తెల్లవారి బస్సెక్కి, పరీక్షలు చేయించుకుని సిద్ధమయ్యేదాకా కిడ్నీ ఆగాలి గదా. దూరంగా ఉన్నోడికే ఈ యంత్రం ఎక్కువ అవసరం. కానీ అది దగ్గరగా ఉన్నోడి దగ్గర పెట్టారు.

యంత్రం ఒక్కటే వొస్తే అయిపోతుందని కూడా చెప్పను. అవయవం దొరికితేనే గదా పంపు మీద పెట్టేది. తలకు దెబ్బ తగిలిన మనిషి వెంటిలేటరు మీద ఉన్నప్పుడు, మెదడు పూర్తిగా చచ్చిపోయిందని నలుగురు డాక్టర్లు తేల్చాలి. ఒకసారి పరీక్ష చేసి, కనీసం ఆరు గంటలు ఆగి మళ్లీ చెయ్యాలి. దీన్నే జీవన్మృతి అంటున్నారు. అవయవం మార్చే డాక్టర్లు ఆ నలుగురిలో ఉండకూడదు. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే తీయాలి. ఇది మన పేటల్లో తెలియాలి. ఎందుకంటే మన పేటల్లో ఒక భయం ఉంది: "సంతకం పెడితే బతికేవాణ్ణి కూడా చంపి తీసుకుంటారు." ఆ భయాన్ని మూఢనమ్మకం అని నేను ఎగతాళి చెయ్యను. రెంటచింతల చూసిన నేల ఇది. ఆసుపత్రిలో మనల్ని "ఏరా", "ఏందే" అని పిలిచేవాడు కాగితం ముందుపెట్టి సంతకం అడిగితే భయం కాక ఏమొస్తుంది? అందుకని సంతకం అడిగేముందు ఆ నలుగురి పేర్లు, రెండు పరీక్షల టైములు కాగితం మీద చూపించమని అడగండి. అడిగే హక్కు మనకుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పేటలో ఎవరికి ఆసుపత్రి కాగితం వొచ్చినా నా దగ్గరికే తెస్తారు. చదివి చెప్పేవాడు ఒక్కడుంటే సగం భయం పోతుందని నాకు తెలుసు.

ఇక కులం సంగతి. మన ఊళ్లల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి మీద ఎన్ని గొడవలు పడ్డామో మీకు తెలుసు. పంపు గొట్టానికి రెండు గ్లాసులు లేవు. దాంట్లో తిరిగే ఎర్రకణాలు ఎవరు దానం చేసినవో ఎవరూ అడగరు. చూసేది రక్తం గ్రూపు, సైజు, ఒంటికి పొసుగుతుందా లేదా. మన పేట మనిషి గుండె ఏ పెత్తందారు రొమ్ములోనైనా కొట్టుకోవొచ్చు, ఆయనకు ఆ సంగతి చెప్పరు కూడా. దాత ఎవరో చెప్పకూడదన్నది పద్ధతి. చెప్తే ఎంతమంది వొద్దంటారో చూడాలని నాకైతే సరదాగా ఉంది.

కానీ యంత్రానికి కులం లేనంత మాత్రాన వరసకు లేకుండా పోదు. మాచర్ల చెన్నకేశవస్వామి గుడి ముందు నిలబడి చాపకూడు గురించి గొప్పగా చెప్పుకుంటాం, బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును కొడుకులా చూశాడని. జీవన్‌దాన్ జాబితా కూడా చాపకూడే అంటారు. 2013 నుంచి నడుస్తోంది, విడిపోయాక రెండు రాష్ట్రాలకూ వేరువేరుగా ఉంది. పేరు నమోదైతే వరస ప్రకారం వొస్తుంది. నిజమే. కానీ పేరు ఎవరు నమోదు చెయ్యాలి? మార్పిడి చేసే ఆసుపత్రే చెయ్యాలి. ఆ ఆసుపత్రి గడప ఎక్కి, పరీక్షలన్నీ చేయించుకుని, మళ్లీ మళ్లీ చూపించుకుంటేనే జాబితాలో పేరు. చాప పరిచారు, కానీ పట్నంలో పరిచారు. ఉద్దానంలో కొబ్బరితోటల్లో పనిచేసే కూలోళ్లు, ఎ.కొండూరు తండాల లంబాడీలు ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో పోతున్నారు. పలాసలో 2023 డిసెంబరులో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, మంచిదే. ఆ తండాల నుంచి ఎంతమంది మార్పిడి జాబితాలోకి ఎక్కారు? ఆసుపత్రివారీగా, ఊరువారీగా, కులంవారీగా ఆ లెక్క బయటపెట్టమని అడగాలి.

అక్కలు ముందు వరసలో కూర్చున్నారు, మీ లెక్క ఒకటి చెప్పాలి. 1995 నుంచి 2021 దాకా దేశంలో 36,640 మార్పిళ్లు జరిగితే, అవయవం అందుకున్న ఆడవాళ్లు 6,945 మంది. మిగతా అంతా మగవాళ్లే. బతికుండగా ఇచ్చినవాళ్లలో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్లే. భార్య ఇస్తుంది, తల్లి ఇస్తుంది, అక్క ఇస్తుంది. ప్రేమతోనే ఇస్తారు, కాదనను. కానీ మగాడికి జబ్బు చేస్తే ఇంట్లో ఆడమనిషి ఒళ్లే ముందు గుర్తుకొస్తుంది. చనిపోయినవాళ్ల అవయవాలు పారేయకుండా పంపు మీద కాపాడినకొద్దీ మీ మీద ఈ బరువు తగ్గుతుంది.

ఖరీదంటారా? ఖరీదే. యంత్రం బయటి దేశం నుంచి రావాలి, ప్రతిసారీ మార్చాల్సిన గొట్టాల సెట్టు ఇంకో ఖర్చు. అందుకే ప్రతి ఆసుపత్రికీ ఒకటి కావాలని అడగటం తెలివైన పని కాదు. చల్లటి కిడ్నీ పంపు ట్రంకు పెట్టె అంత ఉంటుంది, అంబులెన్సులో పెట్టుకుపోవొచ్చు. పల్నాడు మిర్చి అంతా గుంటూరు యార్డుకు పోతుంది గదా, అక్కడ చుట్టూ కోల్డ్ స్టోరేజీలు వెలిశాయి గదా, మిర్చికి ఉన్న ఏర్పాటు మనిషి కిడ్నీకి ఎందుకుండకూడదు? గుంటూరు జనరల్ ఆసుపత్రిలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో ఒక పంపు కేంద్రం పెడితే, చుట్టుపక్కల జిల్లాల్లో దొరికిన అవయవాలు అక్కడికి చేరి, బాగుపడి, ఎక్కడికి కావాలంటే అక్కడికి పోవొచ్చు. సర్కారు ఆసుపత్రిలో చేతకాదంటారా? 2016లో డాక్టర్ గోఖలే గారు గుంటూరు జనరల్ ఆసుపత్రిలోనే గుండె మార్పిడి చేసి చూపించారు. చెయ్యి తిరిగిన డాక్టర్లు ఉన్నారు. డబ్బు ఎక్కడ పెట్టాలన్నది సర్కారు ఇష్టం మీద ఉంది. దాని ఇష్టం మన ఒత్తిడి మీద ఉంటుంది.

కాబట్టి వొచ్చే సమావేశానికి ప్రతి మండలం నుంచి మూడు సంగతులు రాసుకురండి. మీ మండలంలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఎంతమంది, వాళ్లు వారానికి ఎన్నిసార్లు ఎన్ని కిలోమీటర్లు పోతున్నారు, వాళ్లలో జీవన్‌దాన్ జాబితాలో పేరున్నవాళ్లు ఎంతమంది. పేరు లేకపోతే ఎందుకు లేదో, డబ్బు లేకనా, చెప్పేవాడు లేకనా, ఆ మనిషి నోటితోనే అడిగి రాయండి. మాచర్ల, దుర్గి, రెంటచింతల, వెల్దుర్తి, కారంపూడి ముందు మొదలుపెట్టాలి. గురజాల వైపు తమ్ముళ్లు దాచేపల్లి, పిడుగురాళ్ల చూసుకుంటామన్నారు. ఆ కాగితాలు పట్టుకుని నరసరావుపేట కలెక్టరాఫీసుకు పోదాం. అక్కడి నుంచి గుంటూరు. బస్సు చార్జీల సంగతి కోశాధికారి చూస్తాడు, ఆయన్ని ఇప్పుడే అడగండి, సభ అయ్యాక దొరకడు.

జై భీమ్.